డాలరు విలువ – కంప్యూటరు ధర: ఋణగ్రహీతలు, వర్తకులు గ్రహించవలసిన విషయాలు

గ్రామీణ ప్రాంతాలలో కంప్యూటరు ఇప్పుడు విలాస వస్తువు కాదు. మీ సేవ కేంద్రం నడుపుకొనే యువకునికి, ఎరువుల దుకాణంలో సరుకు లెక్కలు చూచుకొనే వర్తకునికి, సహకార సంఘం కార్యదర్శికి అది నాగలి వంటి పనిముట్టు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలలో 63,000 సంఘాలను కంప్యూటరీకరించేందుకు 2,516 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో ఆమోదించింది. ఈ పనిముట్టు అవసరం ఊరూరా ఎంతగా వ్యాపించినదో దీనివలన తెలుస్తుంది.

అయితే నాగలికి, కంప్యూటరుకు ఒక ముఖ్యమైన భేదమున్నది. నాగలి ధర మన వడ్రంగి, మన కమ్మరి చెప్పే ధర. కంప్యూటరు ధరను మాత్రం మన ఊరి దుకాణదారుడు గాని, అతనికి సరుకు ఇచ్చే పట్టణపు టోకు వర్తకుడు గాని పూర్తిగా నిర్ణయించలేరు. ఆ ధరలో అధిక భాగం డాలర్లలో పుట్టి రూపాయలలోకి మారి మన వద్దకు చేరుతుంది. ఆ మారే చోటనే లాభనష్టాలు దాగియున్నవి.

ఒక ఉదాహరణ

ఒక నిరుద్యోగ యువకుడు తన గ్రామంలో కంప్యూటరు కేంద్రం పెట్టదలచినాడనుకొందాము. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఇతర సామగ్రికి కలిపి వర్తకుడు 2,00,000 రూపాయలకు కొటేషను ఇచ్చినాడు. బ్యాంకు 1,50,000 రూపాయలు ఋణం మంజూరు చేసింది. మిగిలిన 50,000 రూపాయలు మార్జిన్ సొమ్ముగా అతడు సమకూర్చుకోవాలి. ఇంటి పత్రాలు, హామీదారుని సంతకాలు పూర్తయ్యేసరికి రెండు నెలలు గడిచినవి. ఈలోగా డాలరు ప్రియమై సామగ్రి ధర 6 శాతం పెరిగింది. వర్తకుడు 2,12,000 రూపాయలు ఇమ్మంటున్నాడు.

పెరిగిన ఈ 12,000 రూపాయలను ఎవరు భరించాలి? బ్యాంకు మంజూరు చేసిన మొత్తం మారదు. వర్తకుడు నష్టానికి అమ్మడు. కావున భారమంతా యువకునిపై పడుతుంది. అతని మార్జిన్ 50,000 నుండి 62,000 అవుతుంది. ఆ 12,000 రూపాయలను నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చినచో నెలకు 360, ఏడాదికి 4,320 రూపాయలు వడ్డీకే పోతుంది. కేంద్రంలో ఒక్క దరఖాస్తు కూడ నింపకముందే అతనిపై రెండవ అప్పు చేరింది. ఎక్కడో జరిగే డాలరు వ్యవహారం మన గడపలోనికి వచ్చే తీరు ఇదే.

మారకపు రేటు అనగానేమి?

ఒక దేశపు ద్రవ్యాన్ని ఇచ్చి మరొక దేశపు ద్రవ్యాన్ని తీసికొనే ధరను మారకపు రేటు అంటారు. డాలరును కూడ ఒక సరుకువలె భావించినచో ఈ విషయం సులభంగా బోధపడుతుంది. కొనేవారు ఎక్కువై తెచ్చేవారు తక్కువైతే మిర్చి ధర పెరిగినట్లే డాలరు ధర కూడ పెరుగుతుంది. చమురు, బంగారం, యంత్ర సామగ్రి దిగుమతి చేసికొనేవారు డాలర్లు కొంటారు. ఎగుమతిదారులు, విదేశాలలో పనిచేసి ఇంటికి సొమ్ము పంపేవారు, మన దేశంలో పెట్టుబడి పెట్టేవారు డాలర్లు తెస్తారు. ఒడిదుడుకులు మితిమీరినప్పుడు రిజర్వు బ్యాంకు తన నిల్వల నుండి డాలర్లను అమ్మి గాని, కొని గాని సర్దుబాటు చేస్తుంది.

పూర్వం ఈ రేటును ప్రభుత్వమే నిర్ణయించేది. 1966 జూన్‌లో డాలరును 4.76 రూపాయల నుండి 7.50 రూపాయలకు మార్చినారు. 1991 జూలై మొదటి వారంలో రెండు విడతలుగా రూపాయి విలువను తగ్గించగా, సుమారు 21 రూపాయలుగా ఉన్న డాలరు సుమారు 26 రూపాయలకు చేరింది. 1993 మార్చి నుండి రేటును ప్రధానంగా మార్కెట్టుకే వదలినారు. 2022 ఆరంభంలో సుమారు 75 రూపాయలున్న డాలరు 2025 డిసెంబరులో 90 రూపాయలు దాటింది.

ఇక్కడ ఒక చిన్న లెక్కను గమనించవలసి ఉన్నది. డాలరు 75 నుండి 90 రూపాయలకు చేరితే డాలరు ధర 20 శాతం పెరిగినట్లు. రూపాయి విలువ మాత్రం సుమారు 16.7 శాతమే తగ్గినట్లు. పత్రికలలో రూపాయి ఇంత శాతం తగ్గిందని చదివినప్పుడు, దిగుమతి వస్తువుకు మనం చెల్లించే ధర అంతకంటే కొంత ఎక్కువ శాతమే పెరుగుతుందని తెలిసికోవాలి.

ధర పెరిగే క్రమం

విదేశం నుండి 400 డాలర్లకు దిగుమతి అయ్యే ఒక ల్యాప్‌టాప్‌ను తీసికొందాము. డాలరు 75 రూపాయలైతే దాని ఖరీదు 30,000 రూపాయలు. 90 రూపాయలైతే 36,000. కంప్యూటర్లపై ప్రధాన దిగుమతి సుంకం లేదు. 1996 డిసెంబరులో సింగపూరులో రూపొందిన సమాచార సాంకేతిక ఒప్పందంలో మన దేశం 1997లో చేరింది. దాని ప్రకారం 2005 నాటికి కంప్యూటర్లపై ఈ సుంకం తొలగింది. అయినప్పటికీ 18 శాతం జి.ఎస్.టి. ఉన్నది. దానిని కలిపితే 30,000 రూపాయల వస్తువు 35,400 అవుతుంది. 36,000 రూపాయల వస్తువు 42,480 అవుతుంది.

మారకపు రేటు వలన పెరిగినది 6,000 రూపాయలే. కాని కొనుగోలుదారుపై పడినది 7,080 రూపాయలు. పన్నును శాతం లెక్కన వేస్తారు కాబట్టి డాలరు పెరుగుదలపై కూడ పన్ను పడుతుంది. టోకు వర్తకుడు, చిల్లర వర్తకుడు తమ లాభాన్ని శాతంలో వేసికొన్నచో భేదం మరికొంత పెరుగుతుంది.

“దేశంలోనే తయారైన కంప్యూటరు కొంటే ఈ బాధ ఉండదు కదా” అని కొందరు అడుగుతారు. కొంతవరకు నిజమే. కూలి, కరెంటు, పెట్టె, రవాణా, దుకాణం అద్దె వంటివి రూపాయలలోనే ఉంటాయి. కాని ప్రాసెసరు, మెమొరీ, తెర వంటి ముఖ్య భాగాలు అధికంగా విదేశాల నుండే వస్తాయి. అవి చైనా నుండి వచ్చినా, తైవాన్ నుండి వచ్చినా బిల్లులు సాధారణంగా డాలర్లలోనే ఉంటాయి. ఒక కంప్యూటరు ఖర్చులో 80 శాతం ఇటువంటి భాగాలదే అనుకొంటే, డాలరు 10 శాతం పెరిగినప్పుడు కంప్యూటరు ఖర్చు 8 శాతం పెరుగుతుంది. దేశీయ తయారీ ఈ దెబ్బను తగ్గిస్తుందే గాని పూర్తిగా తొలగించదు.

ఇతర దేశాల అనుభవం

ఈ సమస్య మనకు మాత్రమే పరిమితమైనది కాదు. బ్రిటను ధనిక దేశమే. ఐరోపా సమాఖ్య నుండి వైదొలగాలని 2016 జూన్ 23న అక్కడి ప్రజలు ఓటు వేసినారు. ఆనాడు ఒక పౌండుకు సుమారు 1.48 డాలర్లు వచ్చేవి. అక్టోబరు చివరకు సుమారు 1.22 డాలర్లే వచ్చినవి. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ తన మాక్ ప్రో కంప్యూటరు ధరను బ్రిటనులో 2,499 పౌండ్ల నుండి 2,999 పౌండ్లకు పెంచింది. ఆ యంత్రం 2013 చివరన వచ్చిన పాత నమూనాయే. అందులో కొత్తగా చేర్చినది ఏమీ లేదు. లెక్క చూడండి. పాత ధర పాత రేటులో సుమారు 3,700 డాలర్లు. కొత్త ధర కొత్త రేటులో సుమారు 3,660 డాలర్లు. అనగా తయారీదారునికి డాలర్లలో దాదాపు అంతే వస్తున్నది. పెరిగిన భారమంతా పౌండ్లలో జీతం తీసికొనేవారిపై పడింది.

జపాను అనుభవం మరొక కోణాన్ని చూపుతుంది. ఐఫోన్ 13 అక్కడ 2021లో 98,800 యెన్‌లకు విడుదలైంది. జేబులో పట్టే ఈ ఫోను కూడ ఒక కంప్యూటరే. అప్పుడు డాలరు సుమారు 110 యెన్‌లు. ఆ లెక్కన ధర సుమారు 898 డాలర్లు. 2022 జూలై నాటికి డాలరు సుమారు 136 యెన్‌లకు చేరింది. అదే 98,800 యెన్‌లు ఇప్పుడు సుమారు 726 డాలర్లతో సమానం. అంటే యెన్ బలహీనపడినకొద్దీ, ధర మార్చని సంస్థకు రాబడి తరుగుతూ వచ్చింది. చివరకు ఆ నెల మొదటి తేదీన ధరను 117,800 యెన్‌లకు పెంచినారు. పెద్ద సంస్థలు రేటు మారిన మరునాడే ధర మార్చవు. కొంతకాలం నష్టాన్ని తామే భరిస్తాయి. పిమ్మట ఒక్కసారిగా పెంచుతాయి. ఈ మధ్యకాలంలో కొన్నవారు లాభపడతారు.

రేటు మరీ వేగంగా కదిలినప్పుడు ధర పెంచటం కూడ సాధ్యం కాదు. అమ్మకమే ఆగిపోతుంది. 2014 డిసెంబరులో రష్యా రూబులు కూలినప్పుడు ఆపిల్ సంస్థ ఆ దేశంలో తన ఆన్‌లైన్ అమ్మకాలను నిలిపివేసింది. 2021 నవంబరులో టర్కీ లీరా ఒకే రోజున సుమారు 15 శాతం పడిపోయినప్పుడు కూడ అదే జరిగింది. ఉదయం పెట్టిన ధర సాయంత్రానికి నష్టమైతే అమ్మేదెవరు?

మన పొరుగు దేశాలను చూద్దాము. శ్రీలంకలో 2022 మార్చి వరకు డాలరు సుమారు 200 శ్రీలంక రూపాయలు ఉండేది. విదేశ మారక ద్రవ్యం అడుగంటి, రేటును వదలివేయగా, మే నెలకు అది సుమారు 360కి చేరింది. పైన చెప్పిన 400 డాలర్ల యంత్రం అక్కడ 80,000 నుండి 1,44,000 శ్రీలంక రూపాయలైనట్లు. పన్నులు దీనికి అదనం. పాకిస్తానులో 2023 జనవరి 26న ఒక్కరోజులోనే డాలరు సుమారు 231 నుండి 255 పాకిస్తాను రూపాయలకు ఎగబాకింది. నేపాలు పరిస్థితి వేరు. 1993 నుండి 100 భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయల రేటు స్థిరంగా ఉన్నది. భూటాను ద్రవ్యం మన రూపాయితో సమానం. కనుక మన రూపాయి డాలరు ముందు తగ్గితే ఆ రెండు దేశాల ద్రవ్యం కూడ తనంత తానే తగ్గుతుంది. మన కొనుగోలుదారుని కష్టం వారికీ పంచబడుతుంది.

తగ్గినప్పుడు ధర ఎందుకు తగ్గదు?

ఖాతాదారులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. డాలరు పెరిగిన వారానికే ధర పెంచే వర్తకుడు, డాలరు తగ్గినప్పుడు మౌనంగా ఎందుకుంటాడు? ఇందుకు మూడు కారణాలున్నవి.

మొదటిది, సరుకు నిల్వ. దుకాణంలోని కంప్యూటరు కొన్ని వారాలకు, నెలలకు పూర్వపు రేటుతో వచ్చినది. ఎక్కువ ధరకు కొన్న సరుకును తక్కువకు అమ్ముటకు ఎవరూ త్వరపడరు. రెండవది, దిగుమతిదారులు బ్యాంకులతో చేసికొనే ముందస్తు మారక ఒప్పందాలు. మూడు నెలల తరువాత 10,000 డాలర్లు చెల్లించవలసిన దిగుమతిదారుడు నేటి రేటు 90 రూపాయలుండగా, 91 రూపాయల చొప్పున ఒప్పందం చేసికొన్నాడనుకొందాము. గడువు నాటికి డాలరు 93 అయితే అతనికి 20,000 రూపాయలు ఆదా. 88కి తగ్గినా అతడు 91 చొప్పుననే చెల్లించాలి. 30,000 రూపాయలు ఎక్కువ ఇచ్చినట్లే. అటువంటివాడు ధర తగ్గించలేడు. మూడవది, పోటీ లేమి. ఒకే దుకాణమున్న ఊరిలో ధర తగ్గించవలసిన ఒత్తిడి ఉండదు.

ఇదే సమయంలో ప్రతి పెరుగుదలను డాలరుపైకి నెట్టటం కూడ న్యాయం కాదు. 2025 చివరి నెలలలో మెమొరీ చిప్పుల ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగినవి. కృత్రిమ మేధ కొరకు నిర్మించే పెద్ద కేంద్రాలు వాటిని విశేషంగా కొనటమే ఇందుకు ముఖ్య కారణం. ఇది డాలర్లలోనే పెరిగిన ధర. రూపాయి స్థిరంగా ఉన్నా ఈ భారం తప్పదు. మరొకవైపు, సాంకేతిక ప్రగతి వలన అదే సొమ్ముకు కాలక్రమాన మెరుగైన యంత్రం రావటం కూడ అనేక ఏండ్లుగా చూస్తున్నాము.

ఒకరికి నష్టం, మరొకరికి లాభం

డాలరు పెరుగుదల గ్రామానికంతటికీ కీడే అనుకోరాదు. గుంటూరు మిర్చి, భీమవరం ప్రాంతపు రొయ్యలు విదేశాలకు వెళ్ళే సరుకులు. ఎగుమతిదారునికి అదే డాలరుకు ఎక్కువ రూపాయలు వస్తాయి. అందులో కొంత రైతుకు చేరవచ్చును. అయితే అదే రైతు వాడే దిగుమతి ఎరువు, రొయ్యల చెరువుకు కావలసిన కొన్ని సామగ్రులు కూడ ప్రియమవుతాయి. అమ్మకంలో వచ్చినది ఎంత, కొనుగోలులో పోయినది ఎంత అని రెండు వైపులా లెక్క చూచుకోవాలి. “అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” అన్న సామెత అందరికంటే ఎక్కువగా వర్తించేది ఎగుమతి సరుకు లేకుండా దిగుమతి వస్తువు మాత్రమే కొనేవారికి.

ఋణగ్రహీతలకు సూచనలు

కొటేషనుపై అది ఎన్ని రోజులు చెల్లునో వ్రాయించుకోండి. గడువులోగా పత్రాలన్నీ బ్యాంకుకు అందజేయండి. ఆలస్యం మీ వలన జరిగినా, మరొకరి వలన జరిగినా, పెరిగిన ధర చెల్లించేది మీరే.

ప్రాజెక్టు నివేదికలో ధరల పెరుగుదల కొరకు 5 నుండి 10 శాతం వరకు అదనపు కేటాయింపు చూపించండి. ముందుగా చూపిన మొత్తాన్ని బ్యాంకు పరిశీలించగలదు. మంజూరు తరువాత అడిగితే వ్యవహారం మొదటికి వస్తుంది.

రూపాయి కోలుకొంటుందని ఆశించి కొనుగోలును వాయిదా వేయటం సాధారణంగా మేలు చేయదు. రేటు ఎటు పోవునో నిపుణులు కూడ ఖచ్చితంగా చెప్పలేరు. యంత్రం నెలకు 5,000 రూపాయలు సంపాదించి పెట్టగలిగితే, 3,000 రూపాయల తగ్గింపు కొరకు రెండు నెలలు ఆగటం 7,000 రూపాయల నష్టం. సంపాదన లేని కొనుగోలైతే మాత్రం ఆగటంలో తప్పు లేదు.

మీరు జి.ఎస్.టి. క్రింద నమోదై పన్ను చెల్లించేవారైతే, వ్యాపారం కొరకు కొన్న కంప్యూటరుపై కట్టిన పన్నును నిబంధనల మేరకు సర్దుబాటు చేసికొనవచ్చును. కాంపొజిషన్ పథకంలోని వారికి ఈ సౌకర్యం లేదు. బిల్లు తీసికొనటం మాత్రం ఎవ్వరూ మరువరాదు.

అమెరికాలో ఉన్న బిడ్డలచేత కంప్యూటరు తెప్పించుకొందామని కొందరి ఆలోచన. పద్దెనిమిదేండ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తేవచ్చును. కాని అక్కడ చెప్పే ధరలో తరచుగా అమ్మకపు పన్ను కలిసి ఉండదు. దానిని కలిపి, నేటి డాలరు రేటుతో గుణించి చూడండి. ఇక్కడ మరమ్మతు హామీ వర్తించునో లేదో విచారించండి. అటువంటి వస్తువుకు బ్యాంకు ఋణం లభించటం కూడ కష్టం.

వర్తకులకు సూచనలు

మీ నగదు పరపతి పరిమితి రూపాయలలో ఉంటుంది. సరుకు ధర మాత్రం డాలరు వెంట నడుస్తుంది. మార్జిన్ సంగతి పక్కన పెడితే, 5 లక్షల పరిమితితో 35,000 రూపాయల యంత్రాలు 14 కొనవచ్చును. ధర 42,000 అయినప్పుడు 11 మాత్రమే వస్తాయి. అమ్మకాల సంఖ్య తగ్గకముందే శాఖాధికారితో మాట్లాడి పరిమితిని సమీక్షింపజేసికొనటం మంచిది. సరుకు బీమా మొత్తాన్ని కూడ అదే నిష్పత్తిలో పెంచుకోవాలి. పాత విలువపై ఉన్న బీమా ప్రమాదం జరిగినప్పుడు పూర్తిగా ఆదుకొనదు.

సరుకు చేతిలో లేకుండా స్థిర ధరకు పెద్ద ఆర్డరు ఒప్పుకొనకండి. పాఠశాలకో, సంఘానికో ఇరవై కంప్యూటర్లు ఇస్తానని సంతకం చేసిన తరువాత ఒక్కొక్కదానిపై 2,000 రూపాయలు పెరిగితే 40,000 రూపాయల నష్టం మీదే. ఆర్డరు అందిన రోజుననే టోకు వర్తకుని వద్ద ధర ఖాయం చేసికొనాలి. లేనిచో కొటేషనుకు స్వల్ప గడువు పెట్టాలి.

డాలరు పెరుగుతుందని అప్పు చేసి సరుకు నింపుకొనటం వ్యాపారం కాదు, జూదం. ధాన్యం వలె కంప్యూటరు నిల్వ ఉండదు. కొత్త నమూనా వస్తే పాతదాని విలువ పడిపోతుంది. వడ్డీ మాత్రం ప్రతి నెలా పెరుగుతుంది.

చివరిగా ఒక మాట. మారకపు రేటును ఆపటం మన చేతిలో లేదు, వానను ఆపలేనట్లే. అయినను వాన రాకముందే కల్లంలోని ధాన్యంపై పట్టా కప్పుకొనటం మన చేతిలోని పని. కొటేషను గడువు, అదనపు కేటాయింపు, తగిన పరిమితి, సరియైన బిల్లు – ఈ నాలుగింటిని ముందుగా చూచుకొన్న ఋణగ్రహీతకు డాలరు పెరుగుదల భారమవుతుందే గాని, రెండవ అప్పుగా మారదు.